బంజరు అట్లాసులో కనిపించని పువ్వు

కేంద్ర ప్రభుత్వ భూవనరుల విభాగం, హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి రూపొందించిన 'వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ ఆఫ్ ఇండియా' అయిదో కూర్పు 2019లో వెలువడింది. దాని ప్రకారం 2015-16లో మన దేశంలో 5,57,665 చదరపు కిలోమీటర్లు, అంటే మొత్తం విస్తీర్ణంలో 16.96 శాతం, బంజరు. 2008-09లో ఇది 17.21 శాతం. ఇంత పెద్ద దేశాన్ని ఒకే కొలబద్దతో, 23 వర్గాలుగా విడదీసి కొలవడం సామాన్యమైన పని కాదు. ఉప్పు తేలిన పొలాలు, కోతకు గురైన వాగు గట్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం మనకు లేదు. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. పంట పండని, చెట్టు లేని నేలంతా పాడైపోయిన నేలేనా?

మహారాష్ట్రలోని సాతారా పట్టణానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో కాస్ పీఠభూమి ఉంది. ఎర్రరాతి పలకమీద బెత్తెడు మట్టి. వేసవిలో చూస్తే రాళ్ళూ, ఎండు గడ్డీ తప్ప ఏమీ కనిపించవు. వానాకాలంలో అదే నేల పూలతో నిండిపోతుంది. అక్కడి గడ్డిలో పెరిగే అరుదైన మొక్క సెరోపీజియా జైనీ. శాస్త్రజ్ఞులు దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. సెరోపీజియా ప్రజాతి పూలు చిన్న లాంతరుల్లా ఉంటాయి. లోపలికి దూరిన చిన్న ఈగను కిందికి వంగిన నూగు కొంతసేపు బయటికి పోనివ్వదు. ఆ ఈగే పుప్పొడిని మోస్తుంది. ఈ ప్రజాతి మనకు కొత్తది కాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలోనే దీనికి చెందిన మొక్కలను వర్ణించాడు.

ఈ లాంతరు పువ్వు ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలో దుంపగా నిద్రిస్తుంది. వానలతో మొలిచి, పూచి, కాచి, మళ్ళీ మాయమవుతుంది. అట్లాసుకు ఆధారమైన లిస్-3 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క నేలమీద 23.5 మీటర్ల చదరం, అంటే సుమారు 550 చదరపు మీటర్లు. గడ్డి ఎత్తుకు మించని మొక్క అందులో కనిపించాలని ఎవరూ కోరరు. అది ఉపగ్రహం లోపం కాదు. కనిపించనిదాన్ని లేనిదిగా లెక్కకట్టడమే లోపం.

దీనికి మూలం నిర్వచనంలోనే ఉంది. తగినంత శ్రమతో పచ్చదనం కిందికి తేగలిగి, ప్రస్తుతం సరిగా వినియోగం కానిది బంజరు అని అధికారిక నిర్వచనం చెబుతోంది. ఎవరికి వినియోగం? కాపరికా, ఈగకా, గడ్డిలోని దుంపకా? ఈ ప్రశ్న వేయకపోవడంవల్ల బంజరు తగ్గడమంటే లాభమనే అర్థం స్థిరపడింది. తగ్గిన విస్తీర్ణంలో బాగుపడిన చౌడు ఎంత, పోయిన సహజ గడ్డిమైదానం ఎంత అన్నది ఈ తగ్గుదల అంకె చెప్పదు.

ఇది మాటలమీద తగాదా కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటించిన గ్రీన్ క్రెడిట్ విధానం, అటవీ శాఖల అధీనంలోని తుప్ప నేలలను, బంజర్లను చెట్లు నాటడానికి చూపించింది. బెత్తెడు మట్టిలో గుంటలు తవ్వితే దుంపలు పోతాయి. చెట్లు ఎదిగితే ఎండను కోరే గడ్డి జాతులు నీడలో కుంగిపోతాయి. కాస్‌కు 2012లో పడమటి కనుమలతోపాటు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది గనుక దాని పేరు నలుగురికీ తెలుసు. పేరులేని పీఠభూములకు ఆ రక్షణ లేదు.

చెట్లు నాటవద్దని కాదు; ఎక్కడ నాటాలో ముందు తెలుసుకోవాలి. అట్లాసు తదుపరి కూర్పులో సహజ గడ్డిమైదానాలకు బంజరు జాబితా వెలుపల ప్రత్యేక వర్గం ఉండాలి. ప్రభుత్వ గడ్డి నేల వినియోగం మార్చేముందు కనీసం ఒక వానాకాలమంతా, పలుమార్లు, వృక్షశాస్త్రజ్ఞులు స్థానిక కాపరులతో కలిసి కాలినడకన సర్వే చేయాలి. ఒక ఏడాది మొక్క కనిపించకపోతే దుంప చచ్చిపోయిందని తేల్చకూడదు; గుర్తు పెట్టిన చోటే మళ్ళీ చూడాలి. దుంపలు తవ్వుకుపోయేవారికి దారి చూపకుండా, మొక్క ఉన్న కచ్చితమైన చోటును గోప్యంగా ఉంచాలి. మేత విషయంలోనూ ఒకే సూత్రం పనికిరాదు. మితిమీరిన మేత పూలను తినేస్తుంది. మేత పూర్తిగా ఆపితే ఎత్తుగా పెరిగే గడ్డి చిన్న మొక్కలను కమ్మేయవచ్చు.

అట్లాసును తయారుచేసినవారు దాన్ని ఒక పటంగానే ఇచ్చారు. దాన్ని అనుమతి పత్రంగా చదువుతున్నది మనం. పటంలో 'బంజరు' అని రాసినచోట, కనీసం ఒక వానాకాలం ఆగి చూసే నియమం లేనంతకాలం, ఏం పోగొట్టుకున్నామో కూడా మనకు తెలియదు.