పేర్ల సంతలో అమ్మకందారు

డొమైన్ పేరు, అంటే వెబ్‌సైటుకు చిరునామాగా పనిచేసే పేరు, పొలంలాగా కొనుక్కుని తరతరాలు అనుభవించే ఆస్తి కాదు. రిజిస్ట్రార్ అనే నమోదు సంస్థకు గడువు తప్పకుండా రుసుము కడుతున్నంత కాలం నిలిచే హక్కు మాత్రమే. ఆ హక్కుకే 2019లో మైక్రోస్ట్రాటజీ సంస్థకు, వాయిస్.కామ్ అనే ఒక్క పేరు మీద, 3 కోట్ల డాలర్లు ముట్టాయి. అటువంటి వార్తలు చూసి పేర్లు కొని పెట్టుకున్నవారు చాలామంది ఆఫ్టర్నిక్, సెడో వంటి ఆన్‌లైన్ సంతలకు చేరుతారు కనుక, అక్కడ ఏం దక్కుతుందో, ఏం చేజారుతుందో నిదానంగా లెక్క వేసుకోవలసి ఉంది.

దక్కేవాటిలో మొదటిది నలుగురి కంటా పడటం. కొత్త వ్యాపారానికి పేరు వెతికే మనిషి సంతను వెతుక్కుంటూ రాడు. ఏదో ఒక రిజిస్ట్రార్ పేజీలో తనకు నచ్చిన పేరు టైపు చేస్తాడు, ఆ పేరు సంతలో చేరి ఉంటే చాలాసార్లు ధరతో సహా అక్కడే కనిపిస్తుంది. రెండవది నమ్మకం. కొనేవారి సొమ్మును బదిలీ పూర్తయ్యేదాకా మధ్యవర్తి తన దగ్గర ఉంచుకునే ఏర్పాటును ఎస్క్రో అంటారు. అది లేకపోతే ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరి మధ్య, సొమ్ము ముందా పేరు ముందా అన్న దగ్గరే బేరం ఆగిపోతుంది.

ఇక చేజారేవాటిలో, సంత తీసుకునే కమీషన్ సంగతి అందరికీ తెలిసిందే: లక్ష రూపాయల అమ్మకంలో 15 శాతమైతే 15 వేలు, 25 శాతమైతే 25 వేలు పోతాయి. అంతకంటే పెద్ద చిక్కు, అమ్మకందారులు అంతగా పట్టించుకోనిది, సత్వర బదిలీ అనే సౌకర్యంలో ఉంది. పేరును చేర్చేటప్పుడే బదిలీకి ముందస్తు సమ్మతి ఇచ్చేస్తే, ఎవరైనా సొమ్ము చెల్లించగానే యజమానిని మళ్ళీ అడగకుండానే పేరు చేతులు మారుతుంది. మూడేళ్ళ కిందట ఏదో అవసరంలో తక్కువ ధర రాసి మరచిపోయిన పేరు, ఈలోగా దాని విలువ పెరిగినా, ఆ పాత ధరకే వెళ్ళిపోతుంది. రెండు సంతల్లో రెండు ధరలు పెట్టినవారి పరిస్థితి ఇంకా ఇబ్బందికరం, ఎందుకంటే ఒకే పేరు ఇద్దరికి అమ్ముడయ్యే ప్రమాదం ఉంది.

అమ్మకానికి పెట్టిన పేరు మీద ట్రేడ్‌మార్కు వివాదం వస్తే సంత అమ్మకందారును కాపాడదు. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే వేసిన కేసులో, డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కుకు ఉండే లక్షణాలు ఉంటాయని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక సంస్థ గుర్తును పేరుగా నమోదు చేసి ఆ సంస్థకే లాభానికి అమ్మజూపడం దురుద్దేశానికి సాక్ష్యమవుతుందని 1999 నాటి అంతర్జాతీయ డొమైన్ పేర్ల వివాద పరిష్కార విధానంలోనూ ఉంది.

ఇన్ని చూశాక మిగిలే ప్రశ్న, కొనేవారు ఎక్కడ ఉన్నారన్నది. ప్రపంచంలో ఎవరికైనా పనికివచ్చే ఇంగ్లీషు మాటను సంతకు అప్పగించడమే మేలు, కమీషన్ ఆ పరిచయానికి కూలి అనుకోవచ్చు. అదే పచ్చళ్ళ వ్యాపారికో చేనేత దుకాణానికో మాత్రమే అక్కరకొచ్చే తెలుగు మాటకు, డాలర్ల ధర చూపించే ఇంగ్లీషు పేజీ కంటే, ఆ చిరునామాలోనే తెలుగులో నాలుగు వాక్యాలు, ఒక ఫోన్ నంబరు పెట్టడం ఎక్కువ ఉపయోగం. బేరం కుదిరాక ఎస్క్రోను విడిగా పెట్టుకోవచ్చు. అయితే నేరుగా అమ్మేవారు బదిలీ కోడ్‌ను, అంటే పేరును వేరే రిజిస్ట్రార్‌కు తరలించడానికి కావలసిన రహస్య సంకేతాన్ని, సొమ్ము చేరిందని ఈమెయిల్ వచ్చినంత మాత్రాన పంపకూడదు. అటువంటి నకిలీ ఈమెయిళ్ళు మామూలే కనుక, ఎస్క్రో సైటులోకి స్వయంగా లాగిన్ అయి, ఖాతాలో సొమ్మును కళ్ళారా చూసుకున్నాకే పంపాలి.