ఉద్యానానికీ అరణ్యానికీ నడుమ: తెలుగు కావ్యాల వేటలో కుక్క, కనిపించని నక్క

వ్యాససంగ్రహం

తెలుగు కావ్యాల్లో వేట వర్ణనలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో కుక్కకు స్థానం ఉంది; వేటాడదగిన జంతువుగా నక్కకు స్థానం లేదు. రెండు మూడు కుక్కలను వెంటబెట్టుకొని కాలినడకన నక్కను తరిమే మనిషి కావ్యంలో ఎందుకు కనిపించడన్నది ఈ వ్యాసం ప్రశ్న. ఆంధ్రమహాభారత ఆదిపర్వం, మనుచరిత్ర, శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం, నీతిచంద్రికలను ఉద్దానం నేల మీద నిలబడి చదివి, ఆ లోటుకు కారణం కావ్యం గీసుకున్న స్థలవిభజనలో ఉందని ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: మృగయావర్ణన, ప్రబంధం, వేటకుక్క, నక్క, తిన్నడు, ఉద్దానం.

ఉపోద్ఘాతం

మనుచరిత్రలోని వేట ఘట్టం పాఠం ముగించిన ఒక రోజున, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే విద్యార్థి ఒకడు లేచి, "ఇన్ని జంతువులున్నాయి గదండీ, నక్కను తరిమింది ఎక్కడా నేదేటండీ?" అని అడిగాడు. నక్కను చంపడం రాజుకు ప్రతిష్ఠ కాదని అప్పటికి సమాధానం చెప్పాను. ఆ సమాధానం తప్పు కాదు గాని, చాలదు. ప్రతిష్ఠే కారణమైతే కుందేలు కూడా కావ్యంలోకి రాకూడదు. పైగా ఆ విద్యార్థి అడిగింది రాజు సంగతి కాదు. తోటలో కర్ర పట్టుకొని, కుక్కలను పిలుచుకుంటూ పరుగెత్తే తన ఇంటి మనుషుల సంగతి.

నేడు వన్యప్రాణుల వేట 1972 నాటి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ వ్యాసం వేటను సమర్థించడానికి రాసింది కాదు. వేట వర్ణనను ఎవరి కాళ్ల మీద నిలబడి చదువుతున్నామన్నదే ఇక్కడి ప్రస్తావన.

లాక్షణికుల జాబితాలో వేట

మహాకావ్యంలో ఉండవలసిన వర్ణనలను దండి కావ్యాదర్శంలో చెప్పాడు. నగరం, సముద్రం, శైలం, ఋతువులు, ఉద్యానం, జలక్రీడ వంటివి అందులో ఉన్నాయి, మృగయ లేదు. 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో మృగయను చేర్చాడు. ఆయనది కళింగసీమ కావడం ఉద్దానం పాఠకుడికి ఆసక్తి కలిగించే విషయమే గాని, దాని మీద సిద్ధాంతం కట్టడం అతి అవుతుంది.

ధర్మశాస్త్రం వేటను మరో కంటితో చూసింది. కామం వల్ల పుట్టే పది వ్యసనాల్లో మనువు మొట్టమొదట చెప్పింది వేటనే. కౌటిల్యుడు వేటను పూర్తిగా తోసిపుచ్చలేదు. శరీరానికి వ్యాయామమనీ, కదిలే గురిని కొట్టే అభ్యాసమనీ, జంతువుల మనఃస్థితిని తెలుసుకొనే సాధనమనీ దాని ప్రయోజనాలను గుర్తించాడు. వేట వర్ణనల మీద మన విమర్శ చాలావరకు ఈ రెండు కొసల మధ్యనే తిరిగింది: అలంకారంగా ఎంత అందంగా ఉంది, వ్యసనంగా ఎంత చెడ్డది. రెండు ప్రశ్నలూ రాజును గురించినవే. అడవిలోకి ముందుగా అడుగుపెట్టిన మనిషి గురించి ఏ ప్రశ్నా లేదు.

ముందు నడిచేవారు

ఆ మనిషిని కవులు చూడకపోలేదు. రఘువంశం తొమ్మిదో సర్గలో దశరథుడు వేటకు వెళ్లేసరికే కుక్కల గుంపులను నడిపేవాళ్లూ వలలు పన్నేవాళ్లూ అడవిలోకి ప్రవేశించి ఉంటారు. అడవిని రాజుకు అనువుగా చేసేది వాళ్లు. కావ్యంలో వాళ్లకు దక్కింది ఒక సమాసంలో సగభాగం. ఇదే కాళిదాసు నాలుగో సర్గలో రఘువును కళింగానికి నడిపించి మహేంద్రగిరిని వర్ణించాడు. మందసలో నిలబడి పడమటికి చూస్తే కనిపించేది ఆ కొండల వరుసే.

ఆదిపర్వంలోని ఏకలవ్యుని కథ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. కురుకుమారులు వేటకు వెళ్తారు. వారి వెనుక ఒక సేవకుడు కుక్కను తీసుకొని నడుస్తాడు. ఆ కుక్క ఏకలవ్యుణ్ణి చూసి మొరుగుతుంది. అతడు దాని నోటిలో ఏడు బాణాలు నాటుతాడు. మూసుకుపోయిన ఆ నోటిని చూశాకే రాజకుమారులు విలుకాడి కోసం వెతుకుతారు. అంటే ఆ వేటలో ఏదైనా కనుగొన్నది కుక్క ఒక్కటే. ఆ కుక్కను తెచ్చినవాడికి పేరు లేదు. నిషాదుడి విద్య బయటపడటానికీ, అతని బొటనవేలు పోవడానికీ దారి తీసిన ఈ జంతువును మన వ్యాఖ్యానాలు కథ నడిపే చిన్న ఉపాయంగా దాటేశాయి. కాలినడక వేటలో కుక్క చేసే అసలు పని ఏమిటో తెలిసినవారికి ఆ ఘట్టం సహజంగా తోస్తుంది. మనిషి కంటికి అందని చోటును కుక్క ముక్కు చేరుతుంది, నోరు చెబుతుంది.

పెద్దన వేట, ధూర్జటి వేట

మనుచరిత్ర నాలుగో ఆశ్వాసంలో స్వరోచి వేట తెలుగు మృగయావర్ణనలకు ప్రమాణంగా నిలిచింది. ఆ ఘట్టంలోని వేగం, దేశిపదాల పదును, కుక్కలు లంఘించే తీరు గురించి విమర్శకులు చెప్పవలసినంత చెప్పారు. నా దృష్టిలో పెద్దనకు వేట ఒక ద్వారం మాత్రమే. రాక్షసుడు తరుముతుండగా శరణు కోరుతూ మనోరమ వస్తుంది. ఆ క్షణంతో వేట ముగిసి కథ మొదలవుతుంది. అంతదాకా అడవిని దద్దరిల్లజేసిన కుక్కల వైపు కథ మళ్లీ తిరగదు. కావ్యం చివరి భాగంలో స్వరోచి పందిని కొట్టబోతున్నప్పుడు ఒక ఆడులేడి అడ్డుపడి, ఆ బాణం తనకే వేయమంటుంది. ఆ లేడి వనదేవత. ఆమె కడుపున పుట్టేది స్వారోచిష మనువు. రెండుసార్లూ వేట రాజును స్త్రీ దగ్గరికి చేరుస్తుంది. వేటాడిన జంతువు ఎవరి కడుపు నింపిందన్న ఊసు రాదు. అది ఆ కావ్యంలో లోపం కాదు. దాని తోవ వేరు.

అదే కాలానికి చెందిన ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యం మూడో ఆశ్వాసంలో బోయ తిన్నణ్ణి నడిపించాడు. ఇక్కడ వేటకు వెళ్లేవాడే కుక్కలను ఎరిగినవాడు. అతనికి వేట వ్యసనం కాదు, వినోదమూ కాదు. పుట్టిన ఇంటి పని. అందుకే శివుణ్ణి చూశాక అతడు చేసే పూజ యావత్తూ వేటగాడి శరీరంతోనే జరుగుతుంది. చేతులు ఖాళీ లేనివాడు కనుక నీటిని పుక్కిట పట్టి తెస్తాడు. పూలను తలలో తురుముకొని తెస్తాడు. మాంసం ఉడికిందో లేదో రుచి చూసి దొప్పలో పెడతాడు. కన్ను తీయడానికి బాణమే సాధనం. చివరికి శివుని రెండో కన్ను ఎక్కడుందో గుర్తు తెలియడానికి చెప్పుకాలు ఆనిస్తాడు.

ఈ చెప్పుకాలిని భక్తి పారవశ్యానికి పరాకాష్ఠగా చెప్పడం పరిపాటి. అది నిజమే. అయితే ఆ కాలు పూజారి కాలు కాదు, రాజు కాలు కాదు. ముళ్లలో, రాళ్లలో జంతువు అడుగుజాడ వెంట నడిచిన కాలు. అడుగును చూసి గుర్తుపట్టడం నేర్చినవాడు అడుగుతోనే గుర్తు పెట్టాడు. గుర్రమెక్కి వేటాడే నాయకుడితో ఈ సన్నివేశం సాధ్యం కాదు. మృగయావర్ణనగా పెద్దనదే ఎక్కువ ప్రసిద్ధమైనా, వేటగా ధూర్జటిదే బలమైనదని నా అభిప్రాయం.

నక్కకు నోరు దక్కింది

ఇంతకీ నక్క ఎక్కడుంది? యుద్ధభూమి వర్ణనల్లో శవాల దగ్గర ఉంది. నీతికథల్లో సింహం కొలువులో ఉంది. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) మిత్రభేదంలో దమనక కరటకులు రాజనీతి మాట్లాడే మంత్రిపుత్రులు. వాళ్లు నక్కలన్న సంగతిని పాఠకుడు నడుమ నడుమ మరచిపోతాడు. మిత్రలాభంలో మాత్రం ఒక చోట నేల తగులుతుంది. నక్క లేడికి పైరు రుచి చూపించి వలలో చిక్కించాలనుకుంటుంది. పొలం యజమాని వస్తాడు. లేడి చచ్చినట్టు పడి, వల విప్పగానే పరుగు తీస్తుంది. అతడు విసిరిన కర్ర పొదలో దాగిన నక్కకు తగులుతుంది. మన పాఠ్యపుస్తకాల ద్వారా తరతరాలు చదివిన కథలో రైతు చేతిలో నక్క చనిపోయింది, కానీ పొరపాటున. రైతు దాన్ని చూడను కూడా లేదు.

జనవ్యవహారం ఇంతకన్నా దగ్గరగా వెళ్లింది. అదృష్టవంతుణ్ణి నక్క తోక తొక్కి వచ్చాడంటారు. తోక తొక్కాలంటే గుర్రం దిగి నడవాలి. పుట్టి నాలుగు వారాలైనా కాని నక్క, ఇంతటి గాలివానను తానెన్నడూ చూడలేదందనే సామెత రాష్ట్రమంతటా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసిన ఈ తీరంలో ఆ సామెత తరగతిలో చెప్పినప్పుడు నవ్వు మరోలా వినిపిస్తుంది.

నక్కను నిజంగా వేటాడినవారి పేరులోనే నక్క ఉంది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో నక్కల, కుర్వికరన్ అన్న పేర్లు కలిసి కనిపిస్తాయి. థర్‌స్టన్ 1909లో ప్రచురించిన సంపుటాల్లో కురువిక్కారన్‌లు నక్క కూతను అచ్చంగా అనుకరించి దాన్ని దగ్గరికి రప్పించే నేర్పును, నక్క కొమ్ము పేరుతో తాయెత్తులు అమ్మడాన్ని నమోదు చేశాడు. జంతువు గొంతును అంతగా పట్టుకున్నవారి విద్య జాతివివరణ గ్రంథానికి ఎక్కింది, కావ్యానికి ఎక్కలేదు.

తోటే అడవి అయిన చోట

ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుంచి వచ్చిందని చెబుతారు. విద్యార్థి ప్రశ్నకు సరైన సమాధానం ఈ పేరులోనే ఉందనుకుంటాను. ఉద్యానం, అరణ్యం కావ్యంలో రెండు వేర్వేరు చోట్లు. ఉద్యానంలో పూలు కోస్తారు, విరహపడతారు. అరణ్యానికి పురం విడిచి బయలుదేరి వెళ్తారు, అక్కడ వేటాడతారు. నక్క ఈ రెండింటికీ చెందదు. అది ఊరి పొలిమేర జంతువు. పొలంగట్టు, తోట అంచు, శ్మశానం దాని తిరుగుడు చోట్లు. పండూ తింటుంది, కోడినీ ఎత్తుకుపోతుంది. ఉద్యానవర్ణనలో దానికి చోటు లేదు, మృగయావర్ణనలోనూ లేదు. దాన్ని తరిమే తోటకాపరికీ అదే గతి పట్టింది: అతడు విహరించే నాగరకుడు కాడు, రాజును కొలిచే కిరాతుడూ కాడు.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట ప్రాంతాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలే అడవిలా అల్లుకొని ఉంటాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి దాడికి ఒకరు బలయ్యారు, పలువురు గాయపడ్డారు. పట్టుబడిన ఎలుగూ చనిపోయింది. ఆ తోటల నుంచి వచ్చిన పిల్లలకు మృగయావర్ణనలో భల్లూకమన్న మాట అలంకారం కాదు. ఇసుకనేల, వంగిన జీడికొమ్మల కింద గుర్రానికి దారి ఉండదు. మనిషి వంగి నడవాలి, కుక్క ముందు దూరాలి. ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లోనూ నిటారు నేల మీద గుర్రం సాగదు గనుకే, గొర్రెపిల్లలను కాపాడుకొనే కాపుల మధ్య కాలినడక నక్కవేట పెరిగింది. 1854లో మరణించిన జాన్ పీల్ అనే వేటగాడి మీద అక్కడొక పాట పుట్టి దేశమంతా పాకింది. 2004 చట్టంతో ఆ వేట ఆగినా పాట మిగిలింది. మనకు అలాంటి పాట ఒకటి ఉంటే అది అచ్చుకు ఎక్కలేదు.

ఆధునిక వచనంలో కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఈ లోటును కొంత పూరించింది. తప్పిపోయిన చూలుపందిని వెతుక్కుంటూ రాత్రి అడవిలో నడిచే ముసలివాడికి నక్కలు నీతి చెప్పవు. ఆకలితో కాపు వేస్తాయి. ఆ నవల చిత్తూరు నేలది. ఉద్దానం నేలకు అటువంటి రచన రావలసే ఉంది.

కాలినడక వేట తెలుగులో బతికి ఉన్నది ఎక్కువగా మాటల్లో. కావ్యాల జాగిలం ఇవాళ పోలీసు జాగిలమై పత్రికల్లో తిరుగుతోంది. దీమం అంటే వేటలో ఎరగా నిలిపే పెంపుడు మృగమని విద్యార్థులకు చెప్పవలసి వస్తోంది. ఎవరినైనా రెచ్చగొట్టారని రాసేటప్పుడు ఉసికొల్పారని వాడుతున్నాం. కుక్కను జంతువు మీదికి పంపుతూ వేటగాడు నోటితో చేసే ఉస్సుమన్న చప్పుడు నుంచి పుట్టిన మాట అది. తరగతిలో ఆ సంగతి చెప్పినప్పుడు ప్రశ్న అడిగిన విద్యార్థి నాలుకను పళ్లకు ఆనించి ఆ చప్పుడు చేసి చూపించాడు. కిటికీ బయట పడుకున్న కుక్క చెవులు నిక్కించి లేచింది.