టర్బో విప్పే ముందు గాలి దారి చూడాలి

చీమకుర్తి గ్రానైట్ బండ ఎత్తుకున్న లారీ ఘాట్ మీద గేరు తర్వాత గేరు దించుకుంటూ పాకుతుంది. వెనక నల్లపొగ. షెడ్డుకు చేరగానే డ్రైవరు అనేది ఒకటే మాట: "లోడు లాగట్లేదన్నా, టర్బో పోయినట్టుంది." ఆ మాట మీదే టర్బో విప్పేసే షెడ్లున్నాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చేయి తిరిగిన మేస్త్రీ మాత్రం స్పానర్ పట్టకముందే ప్రశ్నలు వేస్తాడు. పికప్ ఒక్కసారిగా పడిపోయిందా, మెల్లగా తగ్గిందా? ఇంజనాయిల్ తగ్గుతోందా? ఎత్తు మీద ఈల లాంటి చప్పుడు వస్తోందా?

స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచనే ఈ టర్బో. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు దాకా తిరిగే షాఫ్టు అది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్‌లో చల్లబరిచి పంపుతారు. ఈ దారిలో ఎక్కడ గాలి తగ్గినా డీజిలు పూర్తిగా మండదు.

అందుకే పొగ రంగు మొదటి సాక్ష్యం. నలుపైతే గాలి తక్కువ, లేదా డీజిలు ఎక్కువ. నీలమైతే ఇంజనాయిల్ మండుతోంది. తెలుపైతే మండని డీజిలో, సిలిండర్లోకి చేరిన కూలెంటో.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. క్వారీ దుమ్ముకి, రైసుమిల్లు ఊకకి అది ఎంత తొందరగా పూడుకుపోతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. నేలకేసి దులిపి మళ్లీ బిగించే అలవాటు మానాలి. కాగితం చిరిగితే దుమ్ము నేరుగా టర్బో రెక్కల్ని అరగదీస్తుంది. ఫిల్టర్ నుంచి టర్బో దాకా ఉండే రబ్బరు హోసుని కూడా అనుమానించాలి. మెత్తబడిన హోసు నిలబడ్డ బండిలో బాగానే కనిపించి, లోడు మీద లోపలికి నొక్కుకుపోతుంది.

టర్బో దాటాక లీకైతే కథ వేరు. ఇంటర్‌కూలర్ హోసుల క్లాంపుల దగ్గర, జిడ్డు చెమ్మ పట్టిన చోట చూడాలి. టర్బో నోటికి మూత బిగించి, రెగ్యులేటర్ పెట్టి తక్కువ ప్రెషర్‌తో గాలి ఎక్కించి, సబ్బునీళ్లు రాస్తే పగులు ఎక్కడుందో బుడగలే చూపిస్తాయి. వందల రూపాయల హోసు కోసం వేలు పోసి టర్బో మార్చిన బండ్లు ఉన్నాయంటే బాధ కలుగుతుంది.

పికప్ లేదు, పొగా లేదు అంటే చూపు డీజిలు వైపు తిప్పాలి. పాత ఇన్‌లైన్ పంపుల్లో కొన్నిటికి ఇన్‌టేక్ మానిఫోల్డు నుంచి ఒక సన్నటి గొట్టం వెళ్తుంది. టర్బో గాలి ప్రెషర్ పెరిగిందని పంపుకి తెలిసేది దానివల్లే. ఆ గొట్టం చిట్లినా, లోపలి డయాఫ్రం చిరిగినా చాలు, గాలి నిండుగా ఉన్నప్పటికీ పంపు అదనపు డీజిలు వదలదు. వేలెడు గొట్టం బండి బలాన్నంతా కట్టేస్తుంది. సగం మూసుకుని ఇరుక్కుపోయిన ఎగ్జాస్ట్ బ్రేకు కూడా లోడు లాగనివ్వదు.

ఇవన్నీ బాగుంటేనే టర్బో వంతు. ఇంజను ఆపి, చల్లారాక హోసు ఊడదీసి షాఫ్టుని వేలితో ఊపుతారు. పక్కకి కాస్త కదిలితే తప్పు లేదు, ఆయిల్ పొర మీద తేలే బేరింగు అది. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్క గోడని రాసిన గుర్తు కనిపించినా పోయినట్టే. ఆయిల్ కనిపించగానే సీలు పోయిందనడమూ తొందరపాటే. ఆయిల్ కిందికి దిగే గొట్టం మూసుకుపోయినా, ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయినా ఆయిల్ బయటికొస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు స్కానర్ పెడతారు. మంచిదే. అయితే బూస్ట్, అంటే టర్బో గాలి ప్రెషర్, తక్కువగా ఉందని కోడ్ చెబుతుంది గానీ, ఏ క్లాంపు వదులైందో చెప్పదు. అది వెతకాల్సింది మళ్లీ మేస్త్రీ చేతులే.

లారీ ఓనర్లు ఒక పని చేయాలి. టర్బో మార్చాలని ఎవరైనా అంటే, లోడు మీద ఫుల్ యాక్సిలరేటర్‌తో బూస్ట్ గేజి రీడింగు చూపించమని అడగండి. నిలబెట్టి రేజ్ చేస్తే బూస్ట్ సరిగా ఎక్కదు, ఆ రీడింగు నమ్మకండి. పాతది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది బిగించనివ్వకండి. దుమ్ము వచ్చే దారీ, ఆయిల్ గొట్టమూ బాగుచేయకపోతే కొత్త టర్బో కూడా అలాగే పోతుంది.