జెండా కర్ర నీడ

ఈ వారం ఒక బడి ప్రవేశాల కరపత్రం చూశాను. ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకి ఏడాది పొడవునా సాహసాలు అని పెద్ద అక్షరాల్లో వేసి, కింద నెలల వారీగా పట్టిక ఇచ్చారు: జూలైలో వాటర్ పార్కు, ఆగస్టులో మ్యూజియం, నవంబరులో జూ, జనవరిలో గుర్రపు స్వారీ. ఒక్కోదానికి ఒక రోజు, ఒక బస్సు, ఒక రుసుము. ఆ పట్టిక వేసినవాళ్ల ఉద్దేశం మంచిదే. పిల్లల్ని నాలుగు గోడల మధ్య నుంచి బయటికి తీసుకెళ్లాలన్న కోరిక అందులో కనిపిస్తోంది. కానీ ఈ కాలమ్ తప్పకుండా చదివేవాళ్లకి బడి విహారయాత్రల మీద నాకున్న పాత అభ్యంతరం గుర్తుండే ఉంటుంది. అది ఖర్చు గురించి కాదు. ఆరేడేళ్ల పిల్లకి ఒక్కసారి చూసిన చోటు పెద్దగా ఏమీ చెప్పదు. అక్కడ అన్నీ ఒక్కలాగే కొత్త కాబట్టి, ఏది మామూలో ఏది వింతో తేల్చుకునే వీలు ఆ పిల్లకి ఉండదు. వింత అనిపించాలంటే ముందు అలవాటు ఉండాలి. ఇలాగే ఉంటుంది అనుకున్నది ఇంకోలా కనిపించినప్పుడే ప్రశ్న పుడుతుంది. అలా అనుకోవాలంటే ఆ చోటికి వారం వారం వెళ్లి ఉండాలి. చిన్న తరగతుల పిల్లలకి సాహసమంటే నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒకే చోటికి ఏడాదంతా వెళ్లిరావడం అని నా వాదన.

జెండా కర్రనే తీసుకోండి. దాదాపు ప్రతి బడిలోనూ ఒకటి ఉంటుంది. పదడుగుల కర్ర అనుకుందాం. హైదరాబాద్‌లో మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో సూర్యుడు ఆ రోజుకి అన్నిటికన్నా ఎత్తుకి వస్తాడు. వారానికొకసారి ఆ వేళకి పిల్లలు వెళ్లి నీడ కొస దగ్గర ఒక గులకరాయి పాతారనుకోండి. జూన్‌లో బడి తెరిచిన కొత్తలో ఆ నీడ ఒక్క అడుగే ఉంటుంది, అదీ దక్షిణం వైపు. సూర్యుడు అప్పుడు మనకి ఉత్తరాన ఉంటాడు. జూలై గడిచేకొద్దీ ఆ అడుగు కూడా జానకి, బెత్తెడుకి తగ్గుతుంది. ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు నీడ పూర్తిగా మాయమవుతుంది. ఆ తర్వాత కర్రకి అవతలి వైపు, ఉత్తరంగా, మళ్లీ మొదలవుతుంది. దసరా నాటికి నాలుగైదడుగులు, డిసెంబరు చివరికి ఎనిమిదిన్నర అడుగులు. సంక్రాంతికి ఎనిమిదికి తగ్గి, ఏప్రిల్‌లో బడి మూసేనాటికి మళ్లీ అడుగులోపుకి వచ్చేస్తుంది. నీడ లేని రోజు గురించి ఏటా పత్రికల్లో రాస్తారు, టీచర్లు పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్లి చూపిస్తారు. ఆ ఒక్కరోజే వెళ్లిన పిల్లకి కనిపించేది ఒక కర్ర, దాని చుట్టూ ఖాళీ నేల. ఏడెనిమిది వారాలుగా రాళ్లు పాతిన పిల్లకి మాత్రం అదొక సంఘటన. మళ్లీ వారం నీడ అటువైపు తేలడం అంతకన్నా పెద్ద సంఘటన. ఎందుకలా అని ఆ పిల్ల అడుగుతుంది. భూమి అక్షం వంపు గురించి రెండో తరగతిలో చెప్పనక్కర్లేదు. ఆ ప్రశ్న నాలుగైదేళ్లు ఆగగలదు, తనంతట తాను కళ్లతో చూసిన పిల్ల మనసులో పుట్టింది కాబట్టి. వానాకాలంలో సగం వారాలు నీడే కనిపించదు కదా అనవచ్చు. ఆ వారం పుస్తకంలో మబ్బు అని రాస్తారు. మబ్బు పట్టిన వారాలెన్నో లెక్కపెట్టడం కూడా చదువే.

మన బడి ఏడాది ఇలాంటి పరిశీలనకి ఎంతో అనుకూలంగా అమరింది. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచేసరికి మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులవుతుంది. తొలకరి తడికి ఆరుద్ర పురుగులు పైకొస్తాయి, కొద్ది రోజులే ఉంటాయి. వాటి కాళ్లు లెక్కపెడితే ఎనిమిది, చీమకి ఆరు. పురుగులన్నీ ఒక్కటి కావని పాఠంలో చదవకముందే తెలిసిపోతుంది. బతుకమ్మకి తంగేడు, గునుగు. ఆ రోజుల్లోనే సీతాఫలాల కళ్లు విచ్చుకుంటాయి. భోగికి రేగుపళ్లు, ఆ వెనకే మామిడి పూత, శివరాత్రి ప్రాంతంలో మోదుగ, ఉగాదికి వేపపూత. ఇవన్నీ పండగ వ్యాసాల్లో పిల్లలు ఎలాగూ రాస్తారు. నేను అడిగేది వేరు: ఒకే వేపచెట్టు, ఏడాదంతా. ఏ వారం ఆకు రాలింది, ఏ వారం రాగిరంగు చిగురు వచ్చింది, పక్క వీధి చెట్టు కన్నా ముందా వెనకా? దేశంలో 2010 నుంచి నడుస్తున్న సీజన్‌వాచ్ అనే కార్యక్రమం సరిగ్గా ఇదే చేయిస్తోంది. ఒక చెట్టుని ఎంచుకుని వారం వారం దాని ఆకు, పువ్వు, కాయల సంగతి నమోదు చేయాలి. అందులో కేరళ బడి పిల్లల పాలు చాలా ఎక్కువ. రుతువుల్లో వస్తున్న మార్పులు తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆ నమోదులు వాడుకుంటున్నారు. పిల్లల పని పెద్దవాళ్ల పనికి అక్కరకొచ్చే సందర్భాలు తక్కువ. ఇది అలాంటిది.

ఏడాది అన్న కొలత నేను కొత్తగా తెచ్చింది కాదు. గిజుభాయి బధేకా రాసిన దివాస్వప్న పుస్తకంలో ఉపాధ్యాయుడు లక్ష్మీరాం విద్యాధికారిని అడిగేది ఒక ప్రదర్శన తరగతి కాదు, నాలుగో తరగతిని ఒక సంవత్సరం పాటు ఇవ్వమని. అతని మొదటి రోజు ప్రయోగం విఫలమవుతుంది. పిల్లలు నిశ్శబ్దపు ఆటని ఆటగానే తీసుకోరు. ఒక్కరోజుతో తీర్పు చెబితే ఆ పుస్తకం అక్కడే అయిపోయేది. జపాన్ పుస్తకం రైలుబడి చదివినవాళ్లకి అందులోని టోమోయే బడి పిల్లల మధ్యాహ్నపు నడక గుర్తుంటుంది. వాళ్లు వెళ్లే గుడి బడికి దగ్గరే, మళ్లీ మళ్లీ వెళ్లిన చోటే. దారిలో ఆవపూల దగ్గర ఆగి కేసరాలు, అండకోశం గురించి టీచర్ చెబితే వింటారు. ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు. ఆ నడక, పొద్దున చేయాల్సిన పాఠాలు పూర్తి చేసుకుంటేనే. హెడ్మాస్టర్ కోబయాషీ గారి ఆ బడిలో స్వేచ్ఛకి ఒక వేళ, ఒక క్రమం ఉన్నాయి.

ఈ వాదనకి గట్టి అభ్యంతరం చదువు వైపు నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 2024 అసర్ (వార్షిక విద్యా స్థితి) నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27 శాతం. అక్షరాలే పట్టుబడని చోట చెట్టు చుట్టూ తిప్పడం ఎవరికి మేలని టీచర్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు గంటల లెక్కలో కొంత ఉంది. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతికి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. ఆరు రోజుల వారానికి ఒక్క గంట తీసుకుంటే ముప్పై మూడు గంటలు, నూటికి నాలుగు వంతులు. ఆంధ్రప్రదేశ్‌లో శనివారం నో బ్యాగ్ డే పాటించే బడులు ఆ గంట కోసం వెతుక్కోనక్కర్లేదు. అసలు జవాబు మాత్రం ఆ గంట తర్వాత జరిగే పనిలో ఉంది. తిరిగొచ్చాక పిల్లలు ఒక్కో వాక్యం చెబుతారు, టీచర్ బోర్డు మీద రాస్తారు, అందరూ చదువుతారు, ఒకటి పుస్తకంలో రాసుకుంటారు. వేపచెట్టుకి చిగురొచ్చింది అన్న వాక్యం చదవడం కష్టం కాదు, ఆ మాట తాము అన్నదే కాబట్టి. ఏడాది తిరిగేసరికి ప్రతి పిల్ల దగ్గరా తన చేత్తో రాసిన ముప్పై మూడు వాక్యాల వాచకం ఉంటుంది. ఈ రాసే పని లేకపోతే ఆ అభ్యంతరమే గెలుస్తుంది. టైంటేబుల్ నుంచి పిల్లలకి విముక్తి అనే మాట ఇలాంటి చర్చల్లో తరచూ వినిపిస్తుంది. నా వాదన సరిగ్గా దానికి ఎదురుగా నిలబడుతుంది. ఈ గంట టైంటేబుల్లో ఎక్కాలి, ఫలానా వారం ఫలానా వేళ అని ఉండాలి, లేకపోతే జూలైలోనే ఆగిపోతుంది.

ఏకోపాధ్యాయ బడిలో కుదరదంటారు. ఐదు తరగతులు ఒకే గదిలో ఉన్న బడుల కోసమే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో కార్డులు, అభ్యసన నిచ్చెనలతో తమ పద్ధతిని తయారుచేశారు. పిల్లలే ఊరివాళ్ల ఎత్తు, బరువు కొలిచే మెట్రిక్ మేళా అక్కడి చదువులో భాగం. వయసు తేడాలున్న గుంపుకి నీడ కొలిచే పని ఇంకా బాగా నప్పుతుంది: ఐదో తరగతి పిల్ల కొలుస్తుంది, మూడో తరగతి రాస్తుంది, ఒకటో తరగతి రాయి పాతుతుంది. భద్రత గురించి భయం సహజం. చెరువు గట్టుకైతే ఇద్దరు పెద్దవాళ్లు ఉండాల్సిందే. చెట్టూ నీడా బడి ఆవరణలోనే దొరుకుతాయి. హైవే మీద బస్సులో వంద కిలోమీటర్లు పంపడానికి సంతకం పెట్టే తల్లిదండ్రులు ఈ యాభై అడుగులకి జంకనవసరం లేదు. ఆవరణే లేని నగరపు బడికి కూడా మేడ మీద ఎండ ఉంటుంది, ఎదురుగా ఫుట్‌పాత్ మీద కానుగ చెట్టు ఉంటుంది.

ఇంత చెప్పాక విహారయాత్ర వద్దనడమే మిగిలింది అనిపించవచ్చు. నా వాదన నన్ను అటు తీసుకెళ్లడం లేదు. వింతకి ముందు అలవాటు కావాలన్నది నిజమైతే, అలవాటు ఏర్పడిన పిల్లకి దూరపు చోటు నిజంగానే వింత. ఊరి చెరువు దగ్గర ఆర్నెల్లుగా కొంగల్ని లెక్కపెట్టిన పిల్లని జనవరిలో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం తీసుకెళితే, ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కట్టుకుని ఉండడం చూసి ఆ పిల్ల ఆగిపోతుంది. మా చెరువుకి ఇవెందుకు రావు, ఇక్కడివాళ్లు వీటిని ఎందుకు తరమరు అని అడుగుతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువైనా అంతే. అందుకే ఆ యాత్ర ఏడాదికి ఒక్కటే ఉండాలి, సంక్రాంతి సెలవుల తర్వాత ఉండాలి. ఒక్కరోజులో మూడు చోట్లు చుట్టబెట్టకుండా, పిల్లలు నోటుపుస్తకాలతో ఒకే చెట్టు కింద పూటంతా కూర్చునేలా బస్సు మాట్లాడుకోవాలి.