బెండకాయలో బేత్లెహేము చుక్క

డిసెంబరు మొదటి ఆదివారం గుడి విడిచాక మా వదిన బెండకాయల బుట్ట ముందేసుకుని కూచుంటుంది. లేతవి కూరకు, ముదురువి క్రిస్మస్ కార్డులకు. ముదురుకాయను అడ్డంగా కోస్తే అయిదు గదులు, అయిదు కోణాలు. అచ్చంగా చుక్క! అయితే కోసీ కోయగానే రంగులో ముంచితే జిగురు అడ్డుపడి చుక్క కాస్తా మరకవుతుంది. అందుకని ముక్కను పాతగుడ్డకు అద్ది ఓ గంట ఆరనిస్తుంది. కుంచె ముట్టుకోనివ్వదు. తడి స్పాంజికి ఎర్రరంగు పట్టించి, దాని మీద అద్దిస్తుంది. అద్దేది నాలుగేళ్లవాడు. ఒకసారి అద్ది మూడుసార్లు ఒత్తుతాడు. మొదటి చుక్క చిక్కగా, రెండోది పలచగా, మూడోది ఎక్కడో దూరాన ఉందా లేదా అన్నట్టు. అంత దూరాన్ని ఏ ప్రెస్సు అచ్చు వేయగలదో చూపించండి.

బంగాళాదుంప పక్షంవాళ్లూ ఉన్నారు. దుంపను చెక్కాలంటే కత్తి పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, అక్షరాలు తిరగేసి చెక్కాలి, పిల్లలకు ఒత్తడమే మిగులుతుంది. నేను బెండకాయ పక్షమే, దాచడమెందుకు?

వదిన అసలు ప్రతాపం అరచేతి అచ్చుల్లో చూడాలి. నీలం చార్టు మీద తెల్లరంగు చేతిని వేళ్లు కిందికి వచ్చేలా ఒత్తిస్తే నాలుగు వేళ్లు నాలుగు కాళ్లు, పక్కకు చాచిన బొటనవేలు తల. గొర్రెపిల్ల తయారు! కుటుంబమంతా కలిసి వేసే చెట్టులో అడుగున నాన్న చెయ్యి, పైన అమ్మది, ఆ పైన అక్కది, కొసన పసిదానిది. పసిదాని పిడికిలి విప్పించడం ఎవరి తరం? వదిన తరం. పాలు తాగి జోగుతున్నప్పుడు పిడికిలి దానంతటదే విచ్చుకుంటుంది. అప్పుడు చేతిని కార్డు దగ్గరికి లాగదు, కార్డునే చేతి దగ్గరికి తీసుకెళుతుంది. తాత బొటనవేలి ముద్రకు గడ్డం, కిరీటం గీస్తే తూర్పు జ్ఞాని. గీతలు అరిగిపోయిన ఆ వేలే జ్ఞానికి వయసు తెస్తుంది.

మడత దగ్గర సిరా అయిపోయిన రీఫిల్‌తో ఓ గీత లాగి మడిస్తే అట్ట చిట్లదు. కాగితం గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

చరిత్ర అంటారా, 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అచ్చు వేయించినదాన్ని మొదటి క్రిస్మస్ కార్డంటారు. అందులో చిన్నపిల్లకు వైన్ పట్టిస్తున్నారని అప్పుడే తిట్టారట! నా మనసు మాత్రం 1949 నాటి యునిసెఫ్ కార్డు మీదే. అది చెకోస్లోవేకియాలో ఏడేళ్ల జిత్కా వేసిన బొమ్మ. కాగితం దొరక్క గాజుపలక మీద వేసిందట. ఇక అచ్చుపనిలో మనకూ గురువుండేవారు, విజయవాడలో పనిచేసిన లూథరన్ పాదిరి పులిదిండి సాల్మన్ రాజ్ గారు. చెక్కను చెక్కి అద్దిన ఆయన బైబిలు బొమ్మల్లో మనుషులకు మన దేశపు పోలికలే. చెక్కైనా బెండకాయైనా, ఉబ్బెత్తుగా మిగిలిందే కాగితానికి అంటుతుంది.

మరి ఇప్పుడు? కొల్లేరు ఒడ్డు పిల్లలకు మంచు, దేవదారు చెట్టు, ఎర్రముక్కు దుప్పి అచ్చేసిన కార్డులు. అవీ పోయి వాట్సాప్‌లో తళుకు బొమ్మ వస్తోంది, అదే బొమ్మ పదిమంది దగ్గర్నుంచి! ఇంకా ఒళ్లు మండేది రెడీమేడ్ కిట్లు చూస్తే. కత్తిరించిన గొర్రె, కత్తిరించిన చుక్క, పిల్ల చేసేదల్లా స్టిక్కరు అంటించడం. దానికి "చేతిపని" అని పేరు! మెరుపు పొడి సంగతి ఎత్తకండి, సంక్రాంతిదాకా చాపలోంచి వదలదు.

ఈ పాపంలో ఇంట్లోవాళ్లకూ భాగముంది. ఒకింట్లో పిల్లాడు ఒంటెకు మూడే కాళ్లు గీస్తే తల్లి వెంటనే నాలుగోది తగిలించింది. ఎందుకమ్మా? నాలుగు కాళ్ల ఒంటెలు కొట్లో బోలెడు. నాలుగేళ్ల మీ వాడి ఒంటె మళ్లీ ఏడాదికి దొరకదు. వాడి వయసు, తేదీ వెనక రాసి ఉన్నదున్నట్టు పంపండి.

ఈసారి రైతుబజారులో పావుకిలో బెండకాయలు తూయించుకున్నాక నాలుగు ముదురువి కూడా అడిగి వేయించుకోండి. కూరలమ్మే ఆవిడ వింతగా చూస్తుంది, చూడనివ్వండి.