మాడిన గిన్నెను మళ్లీ తెల్లబరచడం

గిన్నెలో నీరున్నంతసేపు అడుగు వేడి 100 డిగ్రీలను పెద్దగా దాటదు. నీరు ఇగిరిపోయాక ఆ అడ్డు తొలగి వేడి గబగబా పెరుగుతుంది. పిండి, చక్కెర, మాంసకృత్తులు నల్లబడి బొగ్గవుతాయి. పాలైతే నీరు ఇగిరేదాకా కూడా ఆగవు. 70 డిగ్రీలు దాటగానే పాలలోని కొన్ని మాంసకృత్తులు విరిగి అడుగున పొరలా పేరుకుంటాయి. కలపకుండా వదిలేస్తే మాడేది మొదట ఆ పొరే. పరమాన్నం అంత తొందరగా అడుగంటడానికి పాలు, బియ్యం, బెల్లం మూడూ ఒకేచోట చేరడమే కారణం.

మాడిన స్టీలు గిన్నెను వేడి మీదే కుళాయి కింద పెట్టకూడదు. అడుగు వంకరపోతుంది, ఆ తర్వాత స్టవ్ మీద సరిగ్గా కూర్చోదు. చల్లారాక చెక్క గరిటెతో గీకితే పైపైన ఉన్నది పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. లోహాన్ని కరుచుకున్న పల్చటి నల్ల పొర మాత్రం కదలదు. అసలు పని దానితోనే.

బొగ్గును కరిగించే వస్తువు వంటింట్లో ఏదీ లేదు. దాన్ని లోహానికి పట్టి ఉంచిన జిడ్డును, మాంసకృత్తులను వదిలించడమే చేయగలిగింది. వంటసోడా ఉపయోగపడేది అక్కడే. మాడు మునిగేలా నీళ్లు పోసి, లీటరుకు రెండు చెంచాల చొప్పున సోడా వేసి, సన్నని సెగ మీద పది పదిహేను నిమిషాలు మరిగించాలి. వేడికి వంటసోడాలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి, అది బట్టల సోడాగా మారుతుంది. బట్టల సోడా క్షారగుణం ఇంకా ఎక్కువ. అది జిడ్డును సబ్బుగా మార్చి, మాంసకృత్తులను సడలిస్తుంది. పూర్వం బూడిదతో తోమడంలో ఉన్న సూత్రమూ ఇదే, కట్టెల బూడిదలో ఉన్నదీ క్షారమే. మరిగిన నీళ్లను పారబోయకుండా రాత్రంతా అలాగే ఉంచితే, తెల్లారేసరికి గిన్నెను వంచినప్పుడు నల్లటి రేకులు నీళ్లతోపాటే జారిపోతాయి. మిగిలిన మచ్చల మీద సోడా ముద్ద పట్టించి, అరగంట ఆగి, కొబ్బరి పీచుతో రుద్దాలి. అప్పటికీ వదలకపోతే బలం పెంచడం కన్నా ఇంకోసారి మరిగించడం మేలు. స్టీల్ పీచుతో గట్టిగా తోమితే పడే గీతల్లోనే తర్వాతి వంట అంటుకుంటుంది.

సోడాలో వెనిగర్ కలిపితే పొంగే నురగ చూసి అది చాలా గొప్పగా పనిచేస్తుందని అనుకుంటారు. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకోవడమే ఆ నురగ. చివరికి మిగిలేది పెద్దగా పనికిరాని ఉప్పునీరు. రెండింటినీ విడివిడిగా, ముందు సోడా, కడిగాక వెనిగర్ లేదా నిమ్మచెక్క, వాడాలి. మాడు పోయాక స్టీలు మీద నిలిచే ఇంద్రధనుస్సు రంగులను, తెల్లటి నీటి మరకలను ఆమ్లం తీసేస్తుంది. బ్లీచ్‌ను మాత్రం గిన్నెల దగ్గరికి రానివ్వకూడదు. అందులోని క్లోరిన్ స్టీలు మీద చిన్న చిన్న గుంతలు చేస్తుంది. వెనిగర్‌తో కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఇళ్లలో సిల్వర్ గిన్నెలు అనే అల్యూమినియం వాటికి సోడా పనికిరాదు. క్షారం ఆ లోహాన్నే తినేసి గిన్నెను నల్లబరుస్తుంది. వాటిలో చింతపండు నీళ్లు మరిగిస్తే చాలు. నాన్‌స్టిక్ పాత్రలకు గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ తప్ప మరేదీ వద్దు. పూత లేచిపోయినదాన్ని వంటకు వాడకపోవడమే మంచిది. కళాయి వేసిన ఇత్తడి గిన్నె విషయంలో మరో చిక్కుంది. ఆ పూత తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది. అడుగు బాగా మాడిందంటే కళాయి కూడా చెడి ఉండవచ్చు. లోపల పసుపు లోహం కనిపిస్తే, పులుపు వండే ముందు మళ్లీ కళాయి పెట్టించాలి. ఇనుప మూకుడుకు ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదు. గీకి, తోమి, వెంటనే తడి ఆర్చి, పల్చగా నూనె రాసి సెగ మీద కాసేపు కాలిస్తే మళ్లీ వంటకు సిద్ధమవుతుంది.