ఎక్కడ ఆపాలో తెలిసిన వైద్యుడు

గుండె లయ తప్పినవాళ్లకు డిజాక్సిన్ మాత్ర రాసిచ్చేటప్పుడు మంచి డాక్టరు నాలుగు మాటలు చెప్పి పంపుతాడు. అన్నం సయించకపోయినా, కడుపులో తిప్పినా, కళ్లకు అన్నీ పచ్చగా కనిపించినా, నాడి మరీ నెమ్మదించినా వెంటనే వచ్చి చూపించుకోమంటాడు. ఈ జాగ్రత్తల్లో చాలావాటికి మూలం 1785లో అచ్చయిన ఒక ఇంగ్లిష్ పుస్తకంలో ఉంది. రాసినవాడు బర్మింగ్‌హామ్ వైద్యుడు విలియం విదరింగ్. విషయం ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క. డిజాక్సిన్ వచ్చింది ఈ జాతి మొక్క నుంచే. ఆ మొక్క నాటువైద్యంలో అంతకుముందే ఉంది. అది మేలుతో పాటు పెట్టే బాధను విదరింగ్ ఎంత ఓపికగా గమనించాడో చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

1775లో ఆయన దగ్గరికి ఒక ఇంటివైద్యం చిట్కా వచ్చింది. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ ఒంటికి నీరు పట్టినవాళ్లకు ఇచ్చే మందు అది. అందులో ఇరవై దాకా ఆకులూ మూలికలూ ఉండేవి. తాగినవాళ్లకు విపరీతంగా వాంతులు, విరేచనాలు అయ్యేవి, కొందరికి నీరు తీసేది. పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటేనని విదరింగ్ పసిగట్టాడు. అసలు పని అక్కడి నుంచే మొదలైంది.

ముందుగా మోతాదు నిలకడగా ఉండాలి. వేరు బలం కాలాన్ని బట్టి మారిపోతుంది, అందుకని ఆకును ఎంచుకున్నాడు. ఆకు గుణమూ మారుతుంది కాబట్టి పూత వచ్చే వేళకే కోయమన్నాడు. ఎండబెట్టి పొడి చేసి, పెద్దవాళ్లకు ఒకటి నుంచి మూడు గ్రెయిన్ల చొప్పున రోజుకు రెండుసార్లు ఇమ్మన్నాడు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. ప్రయోగశాల పరీక్షలు లేని కాలంలో ఒక ఆకు బలాన్ని అదుపులో పెట్టడానికి ఇంతకంటే తెలివైన దారి లేదు.

పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపేసే భాగం వేరే ఉంది. మొదట్లో తాను మోతాదు మరీ ఎక్కువ ఇచ్చాననీ, ఆపవలసిన చోట ఆపలేదనీ విదరింగ్ స్వయంగా రాసుకున్నాడు. కారణం కూడా చెప్పాడు. మన నక్కవుల్లి జాతి దుంప ఒకటి అప్పటి వైద్యంలో వాడేవారు. దానితో వికారం పుట్టిస్తేనే మూత్రం బాగా జారీ అవుతుందని అనుభవం. ఫాక్స్‌గ్లవ్ కూడా అంతేననుకున్నాడు. తర్వాత రోగుల పక్కన కూర్చుని చూశాక, ఈ వికారం తీరే వేరని తేలింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ అంత తీవ్రంగానూ వస్తుంది, మూడు నాలుగు రోజుల దాకా వదలదు. మందు ఒంట్లో నిలవ ఉంటుందన్న సంగతి ఈ వర్ణనలోనే దాగి ఉంది. ఈ బాధ రోగి పడనక్కర్లేదనీ, వైద్యుడి అనుభవలేమి వల్లే పడుతున్నాడనీ ఆయన తేల్చాడు. వైద్య గ్రంథాల్లో ఇంత దయగల నిర్ధారణలు అరుదు.

అందులోంచి పుట్టిన నియమం చాలా సూటిగా ఉంటుంది. మూత్రపిండాలు, కడుపు, నాడి, పేగులు, ఈ నాలుగింటిలో దేనిమీద మందు ప్రభావం మొదట కనిపించినా అక్కడితో ఆపెయ్యాలి. కళ్లు మసకబారడం, వస్తువులు ఆకుపచ్చగానో పసుపుగానో కనిపించడం, నాడి నిమిషానికి 35కి పడిపోవడం, మూర్ఛ, చివరికి మరణం, అన్నీ వరసగా రాసిపెట్టాడు. బాగైన కేసులను మాత్రమే ఏరుకునే వీలున్నా ఆ పని చెయ్యలేదు. నయం కానివాటినీ వికటించినవాటినీ కలిపి నూట యాభైకి పైగా కేసులను పాఠకుడి ముందు పరిచాడు.

1930లో సిడ్నీ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకో రకం ఫాక్స్‌గ్లవ్ నుంచి డిజాక్సిన్‌ను వేరు చేశాక ఆకు పోయి మాత్ర వచ్చింది. ఇబ్బంది మాత్రం పోలేదు. గుణం ఇచ్చే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా సన్నం. పచ్చగన్నేరులో ఉన్న విషం కూడా ఈ కోవకే చెందుతుంది కాబట్టి ఆ సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒంట్లో చేరిన డిజాక్సిన్ సగం తగ్గడానికి కిడ్నీలు బాగున్నా ఒకటిన్నర రోజుకు పైగా పడుతుంది, కిడ్నీలు మందగించిన పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ. నీరు తీసే మాత్రలతో పొటాషియం పడిపోతే అదే డోసు విషంగా పనిచేస్తుంది. గుండె లయకే ఇచ్చే అమియోడరోన్ అనే మందు కొత్తగా మొదలుపెడితే రక్తంలో డిజాక్సిన్ పెరుగుతుంది, అందుకే సాధారణంగా డోసు సగానికి దించుతారు. మన దేశంలో చాలామంది డాక్టర్లు వారానికి ఐదు రోజులు వేసి రెండు రోజులు మానమనడంలోనూ ఈ నిలవ భయమే ఉంది.

కడుపులో తిప్పితే గ్యాస్ అనుకుని ఒక మాత్ర మింగి ఊరుకోవడం మన ఇళ్లలో అలవాటు. డిజాక్సిన్ వాడే నాన్నకో అత్తయ్యకో అలా అయితే, దయచేసి ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మనంతట మనం మందు మానేసి కూర్చున్నా గుండె దడ తిరగబెట్టవచ్చు. ఈసీజీ, పొటాషియం, క్రియాటినిన్, రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్ష చేయిస్తే ఆ వికారం ఎక్కడిదో చాలావరకు తెలిసిపోతుంది. పరీక్షకు రక్తం ఇచ్చేముందు చివరి మాత్ర ఎన్ని గంటలకు వేశారో తప్పకుండా చెప్పాలి. కనీసం ఆరు గంటలైనా గడవకపోతే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.